అన్నయ్య చొక్కా - కలరా ఉండ

మూడేండ్ల పిల్లవాడికి కొత్త చొక్కా తొడిగితే, మెడ దగ్గర గీసుకుంటున్నదని ఒక్కొక్కప్పుడు ఏడుస్తాడు. అన్నయ్య విడిచిన చొక్కా తొడిగితే, అది మోకాళ్లదాకా వేలాడుతున్నా సరే, వీథివీథంతా తిరిగి చూపించి వస్తాడు. ఏలూరులోనైనా, తాడేపల్లిగూడెంలోనైనా, కొల్లేటి లంకగ్రామాలలోనైనా ఇది మనమందరం ఎరిగిన ముచ్చటే. దీనికి తగిన కారణాలున్నవి. ఇందులో పొంచియున్న అపాయం కూడా ఒకటున్నది.

పసివారు చాలావరకు అనుకరణ వల్లనే నేర్చుకుంటారు. నిత్యం కళ్లెదుట ఉంటూ, తనకు చేతకాని పనులు చేసే అన్నయ్యే తమ్ముడికి ఆదర్శం. అతని చొక్కా తొడుక్కుంటే తానూ అంతవాడయినట్లే!

రెండవ కారణం నూలులో ఉన్నది. మగ్గంమీద తెగిపోకుండా పడుగు నూలుకు గంజి పట్టిస్తారు. అందువల్ల కొత్తబట్ట బిరుసుగా ఉంటుంది. పదేపదే ఉతికితే గంజి వదలి, పోగులు సడలి, బట్ట మెత్తబడుతుంది. నూలులోని సెల్యులోజుకు నీటిని పట్టే గుణం ఉన్నది; కావున మెత్తబడిన నూలుబట్ట చెమటను చక్కగా పీలుస్తుంది. పుట్టిన బిడ్డకు మొదట పాతబట్టలు వేసే మన వాడుక అర్థంలేనిది కాదు.

ఇక అపాయం మాట. పెద్దవాడి బట్టలు చిన్నవాడికి సరిపోయేదాకా రెండు మూడేండ్లు పెట్టెలో ఉండవలెను. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేటి ప్రాంతంలో గాలిలో తేమ ఎక్కువ. బట్టలు ముక్కిపోతాయి, పురుగులు చేరుతాయి. అందుకని పెట్టెలో కలరా ఉండలు వేస్తారు. పేరులో కలరా ఉన్నా, ఇవి ఆ వ్యాధిని ఆపలేవు. సాధారణంగా ఇవి నాఫ్తలీను అనే పదార్థంతో చేసినవి. అది కరగకుండానే ఆవిరి అవుతుంది. దీనినే ఉత్పతనం అంటారు. ఆ ఆవిరి బట్టలకు పట్టుకుంటుంది.

పసికందు ఆ ఆవిరిని పీల్చినా, చర్మం ద్వారా అది ఒంట్లోకి చేరినా ఎర్ర రక్తకణాలు పగిలిపోవచ్చును. నాఫ్తలీను నూనెలో కరుగుతుంది గనుక, ఒళ్లంతా నూనె రాసిన బిడ్డకు అటువంటి బట్ట తొడగడం మరీ ప్రమాదం. రక్తకణాలను కాపాడే జి-6-పి-డి అనే ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువ. ఈ లోపాన్ని 1956లో కనుగొన్నారు. దీని జన్యువు ఎక్స్ క్రోమోజోముపై ఉండుటచేత మగపిల్లలలో ఎక్కువగా బయటపడుతుంది. 1963లో గ్రీసు దేశపు వైద్యులు, నాఫ్తలీను ఆవిరి పీల్చిన నవజాత శిశువులలో రక్తకణాలు విచ్ఛిన్నమైన ఉదంతాలను ప్రకటించారు. కణాలు పగిలితే బిలిరుబిన్ పెరిగి పచ్చకామెర్లు వస్తాయి. నవజాత శిశువులలో అది మితిమీరితే మెదడు దెబ్బతింటుంది.

అసలు మన నూలుబట్టలకు ఈ ఉండలు అవసరమా? బట్టలు కొరికే చిమ్మటల పిల్లపురుగులకు ఆహారం ఉన్ని, పట్టు వంటివి. ఏలూరు ఉన్ని తివాచీకి వాటి భయం ఉన్నది గాని, శుభ్రమైన నూలు గౌనుకు లేదు. పెట్టెల్లో వెండిలా తళుక్కుమని పరుగెత్తే సన్నపురుగులు, బొద్దింకలు నూలుబట్ట మీదికి వచ్చేది ముఖ్యంగా గంజికోసం, తిండి మరకలకోసం. కావున దాచబోయే బట్టలకు గంజి పెట్టరాదు. మరకలు పోయేలా ఉతికి, తేమ లేకుండా ఎండలో ఆరబెట్టి, మూత బిగువైన పెట్టెలో ఉంచితే చాలును.

ఇదివరకే కలరా ఉండల మధ్య దాచిన బట్టలను ఉతికి, వాసన పూర్తిగా పోయేవరకు కొన్నిరోజులు ఎండకు, గాలికి ఆరవేయవలెను. నవజాత శిశువులకు వాటిని వాడకపోవడమే మేలు. బిడ్డ పాలిపోయినా, కళ్లు పచ్చబడినా, మూత్రం నల్లని కాఫీరంగులో వచ్చినా, పాలు తాగక మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. కలరా ఉండల సంగతి వైద్యునికి తప్పక చెప్పవలెను. ఆ ఒక్క మాటతో రోగకారణం త్వరగా తెలియవచ్చును.