గుండు ఆకారమే వేటను నిర్ణయించింది: డమ్‌డమ్ నుంచి భర్మార్ తుపాకీ వరకు

కోల్‌కతా: నగర శివారులోని డమ్‌డమ్ పేరు ప్రపంచ యుద్ధ చట్టాల్లో ఒక తూటా కారణంగా నిలిచిపోయింది. శరీరంలోకి చొచ్చుకుపోయాక సులభంగా విచ్చుకునే లేదా చదునయ్యే తూటాలను యుద్ధంలో వాడరాదని 1899 జులై 29న హేగ్ ప్రకటన నిషేధించింది. మనిషిపై ప్రయోగించడం అమానుషమని భావించిన ఆ లక్షణాన్నే, వేటకు అనుమతి ఉన్న దేశాల్లో పెద్ద జంతువుల విషయంలో మేలైనదిగా పరిగణిస్తారు. జంతువు గాయంతో రోజుల తరబడి బాధపడకుండా వెంటనే ప్రాణం విడుస్తుందన్నది అందుకు కారణం. ఈ వైరుధ్యానికి మూలాలు డమ్‌డమ్ తూటా కంటే ముందటి కాలంలో, గొట్టం మూతి నుంచి మందు, గుండు కూరే తుపాకుల్లో ఉన్నాయి.

గోళాకార గుండు: బలం, బలహీనత

మూతి నుంచి కూరే తుపాకుల్లో అత్యంత ప్రాచీనమైనది గుండ్రటి సీసపు గుండు. సీసం మెత్తనిది, బరువైనది, తక్కువ వేడికే కరుగుతుంది. అందువల్ల అచ్చులో పోసి ఇంటివద్దనే గుండ్లు తయారు చేసుకొనే వీలుండేది. ఒక పౌను సీసంతో ఎన్ని సమాన గుండ్లు పోయవచ్చో ఆ సంఖ్యనే తుపాకీ ‘బోరు’గా లెక్కించేవారు. 12 బోరు తుపాకీ గుండు పౌనులో పన్నెండో వంతు. 4 బోరు గుండు బరువు 4 ఔన్సులు, అంటే సుమారు 113 గ్రాములు.

గోళానికి ఒక పరిమితి ఉంది. బరువు పెంచాలంటే వ్యాసాన్ని పెంచక తప్పదు. వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది, తుపాకీ కూడా అదే రీతిన బరువెక్కుతుంది. పైగా గోళం గాలి నిరోధానికి త్వరగా వేగం కోల్పోతుంది. 1840వ దశకంలో సిలోన్‌లో ఏనుగులను వేటాడిన సామ్యూల్ బేకర్ ఈ కారణంగానే సుమారు 21 పౌన్ల (9.5 కిలోల) బరువైన తుపాకీని చేయించుకున్నారు.

మినియే గుండు తెచ్చిన మార్పు

గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటే గుండు తనచుట్టూ తాను తిరుగుతూ గురి తప్పకుండా వెళుతుంది. అయితే గాడుల్లో బిగుతుగా పట్టే గుండును మూతి నుంచి దించడం కష్టం. నాలుగైదు సార్లు పేల్చాక గొట్టంలో మసి పేరుకుంటే అది మరింత దుస్సాధ్యమయ్యేది. గుండుకు నూనె రాసిన గుడ్డ చుట్టి కూరడం ఒక పరిష్కారం. మరో పరిష్కారాన్ని ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మినియే 1849లో చూపారు. ఆయన గుండు ముందు భాగం కోణాకారం, వెనుక భాగం బోలు. గొట్టంలోకి వదులుగా జారుతుంది. మందు పేలినప్పుడు వాయువు ఒత్తిడికి వెనుక అంచు వ్యాకోచించి గాడులను పట్టుకుంటుంది.

పొడవు పెరిగినందున బరువూ పెరిగింది. 0.577 అంగుళాల ఎన్‌ఫీల్డ్ తుపాకీకి సరిపడే గోళం సుమారు 18 గ్రాములుంటే, దాని పొడవాటి గుండు సుమారు 34 గ్రాములు. ఆ ఎన్‌ఫీల్డ్ కాగితపు తూటాలకు పూసిన కొవ్వుపై వదంతులు 1857 జనవరిలో డమ్‌డమ్‌లోనే తొలిసారి చెలరేగాయి. సిపాయిల తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో అదొకటిగా చరిత్రలో నమోదైంది.

వేటగాళ్ల వాదన

సైన్యానికి నచ్చినది వేటకూ నచ్చుతుందని లేదు. మధ్య భారత అడవుల్లో తిరిగిన బెంగాల్ సైనికాధికారి జేమ్స్ ఫోర్సిత్, 1860వ దశకంలో వేట తుపాకులపై రాసిన గ్రంథంలో పెద్ద బోరు గోళాన్నే సమర్థించారు. దట్టమైన అడవిలో జంతువు దగ్గరి దూరంలోనే కనిపిస్తుంది. ఆ దూరంలో ఎక్కువ మందు దట్టించిన గోళం దాదాపు సరళ రేఖలో వెళుతుంది, వెడల్పయిన గాయం చేస్తుంది. బరువైన పొడవు గుండు నెమ్మదిగా బయలుదేరి వంపు తిరుగుతుంది కనుక దూరం అంచనా తప్పితే గురి తప్పుతుంది.

లోహమూ అంతే ముఖ్యం. మెత్తని సీసం జింక, పులి వంటి జంతువుల్లో చదునై వెంటనే కూలుస్తుంది. ఏనుగు, అడవిదున్న ఎముకలను తాకితే మాత్రం పైపైనే నలిగిపోతుంది. అటువంటి జంతువులకు సీసంలో తగరం వంటి లోహాలు కలిపి గట్టిపరిచేవారు. లోతుగా చొచ్చుకుపోవడమా, విచ్చుకోవడమా అన్నదే గుండు రూపకల్పనలో ఎడతెగని ప్రశ్న. డమ్‌డమ్ కర్మాగారంలో 1890వ దశకంలో కెప్టెన్ బర్టీ-క్లే రూపొందించిన తూటా కూడా దీనికే సమాధానం. వెనుక నుంచి నింపే 0.303 రైఫిల్ తూటా సన్నగా ఉండి శరీరాన్ని దాటిపోతోందన్న ఫిర్యాదుతో, దాని ముక్కుపై లోహపు తొడుగు తొలగించి లోపలి సీసాన్ని బయటపెట్టారు.

నేటి పరిస్థితి

అమెరికాలో ఈ తుపాకులతో వేటకు ప్రత్యేక కాలాలున్నాయి. గోళాలు, పొడవాటి సీసపు గుండ్లతో పాటు, ప్లాస్టిక్ తొడుగులో అమర్చే ‘సాబో’ గుండ్లు, పూర్తి రాగి గుండ్లు అక్కడ దొరుకుతాయి. సాబో గుండు సన్నగా, వేగంగా దూరం వెళుతుంది. కొలరాడో రాష్ట్రం తన మజిల్‌లోడర్ వేట కాలంలో వాటిని అనుమతించదు. సీసపు తునకలున్న కళేబరాలను తిని రాబందులు విషప్రభావానికి లోనవుతున్నందున కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది.

భారతదేశంలో ఈ పోలిక చరిత్రకే పరిమితం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 వేటను నిషేధించింది. పులి, ఏనుగు, అడవిదున్న వంటి మొదటి షెడ్యూలు జంతువులను చంపితే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా తప్పవు. పంటలకు నష్టం చేసే కొన్ని జంతువుల విషయంలో కూడా అధికారుల రాతపూర్వక అనుమతి తప్పనిసరి.

అయినా తెలుగు రాష్ట్రాల అటవీ ప్రాంతాల్లో భర్మార్ తుపాకులు, నాటు తుపాకులు నేటికీ పట్టుబడుతున్నాయి. వీటి నున్నటి గొట్టం గుండుపై గాడుల గుర్తులు వేయదు. కనుక ఏ తుపాకీ నుంచి పేలిందో నిర్ధారించడం దర్యాప్తు అధికారులకు కష్టమవుతుంది. నున్నటి గొట్టం నుంచి వెలువడే వదులు గుండుకు కచ్చితమైన గురి ఉండదు. తక్షణం చావని జంతువు గాయంతో అడవిలోకి పారిపోతుంది, లేదా ఎదురుపడిన మనిషిపై తిరగబడుతుంది. నూటయాభై ఏళ్ల క్రితం వేటగాళ్లు గుండు ఆకారాన్ని మార్చి పరిష్కరించాలని చూసిన సమస్య అదే. నేటి చట్టం వేటనే నిషేధించి దానికి సమాధానం చెప్పింది.