నీటి లోతులో తోడు

సముద్రాన్ని ఒడ్డున నిలిచి చూచినవారు కోట్లమంది. దాని లోపలి ప్రపంచాన్ని కన్నులారా చూచినవారు బహు కొద్దిమంది. ఈ కొరతను తీర్చిన సాధనం 1943లో ఫ్రాన్సులో రూపొందినది. నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజనీరు ఎమీల్ గాన్యాన్ కలిసి నిర్మించిన ఆ పరికరం, ఈతగాడు పీల్చినప్పుడు మాత్రమే, అతడున్న లోతుకు తగిన ఒత్తిడితో గాలిని అందిస్తుంది. నేటి స్కూబా క్రీడకు అదే పునాది. మన విశాఖపట్నం చెంత ఋషికొండ తీరంలోనూ ఈ క్రీడ ప్రవేశించినది గనుక, దానిలోని సహకార ధర్మాన్ని విద్యార్థులకు వివరించదలచినాము.

సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 30 మీటర్ల లోతున అది ఉపరితలంపై ఉన్నదానికి నాలుగింతలు. ప్రతి శ్వాసకు ఖర్చయ్యే గాలి కూడ నాలుగింతలే. ఊపిరి బిగబట్టి పైకి వస్తే వ్యాకోచించిన గాలి ఊపిరితిత్తులను చీల్చగలదు. మితిమీరిన వేగంతో వస్తే, దేహంలో కరిగిన నత్రజని బుడగలై బాధించగలదు. కనుక గాలి అయిపోయినవానికి ఒక్క ఉదుటున పైకి లేవడం అపాయకరం. పక్కవాని గాలి పంచుకొని మెల్లగా రావడమే క్షేమం.

అయితే ఆ తోడు ఎట్లుండవలెనన్న విషయంలో మూడు సిద్ధాంతాలు కలవు. మొదటిది జంట పద్ధతి. దిగకముందు ఇద్దరూ ఒకరి పరికరాలను ఒకరు పరీక్షించుకొంటారు. ఇతరుని కొరకు అదనపు శ్వాసనాళం ఉంచుకొంటారు. రెండవది అమెరికాలోని ఫ్లోరిడా జలగుహలలో రూపుదిద్దుకొన్నది. గుహలో నెత్తిమీద రాతికప్పు ఉండుటచే నేరుగా పైకి రాలేరు. అందుచేత జట్టులో అందరి పరికరాలూ ఒకే అమరికలో ఉండవలెనని వారి నియమం. గాలిలో మూడవ వంతు పోవడానికి, మూడవ వంతు రావడానికి, మిగిలినది ఆపదకు. తోటివానికి గాలి కరవైతే తమ నోటనున్న గొట్టాన్నే అందిస్తారు. అది పనిచేస్తున్నదన్న సంగతి నిశ్చయం గదా! మూడవది స్వావలంబన. శిక్షణ లేని తోడు రక్షణ కాదు, భారమని తలచి, వేరొక చిన్న సిలిండరు వెంటగొని ఒంటరిగా దిగేవారున్నారు.

మొదటి పద్ధతి అలసత్వమని, రెండవది నిరంకుశమని, మూడవది దుస్సాహసమని పరస్పరం విమర్శించుకోవడం కద్దు. మా దృష్టిలో ప్రమాదం అభిప్రాయభేదంలో లేదు. దానిని ఒడ్డున చెప్పుకోకుండా నీటిలో దిగడంలో ఉన్నది. తోడు పక్కనే ఉన్నాడని ఒకడు నమ్మగా, రెండవవాడు చేపను ఫోటో తీస్తూ దూరమైతే, అక్కడ జంట పేరుకే మిగులుతుంది.

గుహలలో ఈదేవారు పాటించే నియమం ఒకటి స్మరణీయం: ఎవరైనను, ఎప్పుడైనను, ఏ కారణముననైనను యాత్రను ముగించవచ్చును. బొటనవ్రేలు పైకి చూపితే చాలు. నేలపై మెచ్చుకోలుగా చెల్లే ఆ సంజ్ఞకు నీటిలో ‘పైకి పోదము’ అని అర్థం. దానిని చూచినవారు వాదింపక వెనుదిరుగుతారు.

ఇంత క్రమశిక్షణలో ఆనందమెక్కడ అని అడుగవచ్చును. భయపడినవాడు వేగంగా పీల్చి గాలిని త్వరగా హరిస్తాడు. తోడుపై నమ్మకమున్నవాని శ్వాస నిదానిస్తుంది. గాలి ఎక్కువసేపు వస్తుంది. పగడాలనూ చేపలనూ తీరికగా చూడగలుగుతాడు. అంటే విశ్వాసమే ఇక్కడ వినోదకాలాన్ని పొడిగిస్తున్నది. ఇక జట్టు ఎప్పుడు మరలవలెనో నిర్ణయించేది ముందుగా గాలి తగ్గినవాడే. అతనిని నిందించని జట్టే మరునాడు కలిసి సముద్రంలో దిగుతుంది.