అందరూ కలిసి చిందించిన నెత్తురు ఎవరిది?

 



ఒకప్పటి వరంగల్ జిల్లాలో, నేటి ములుగు జిల్లా తాడ్వాయి మండలంలో ఉన్న మేడారం గ్రామానికి రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి వేళ లక్షోపలక్షల జనం తరలివస్తారు. అక్కడ జరిగే ఆరాధనలో మనకు పాలు లేదు. తౌహీద్‌ను విశ్వసించినవారికి అది స్పష్టమైన హద్దు. అయినా ఆ జనం ఏ కథను తలచుకుంటున్నారో తెలుసుకోవడంలో దోషం లేదు. కరవు కాలంలో కప్పం కట్టలేని కోయలపైకి కాకతీయ సైన్యం దండెత్తిందనీ, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు ఆ పోరులో నేలకొరిగారనీ, జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడనీ, గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు సాగిపోయి అదృశ్యమైందనీ అక్కడివారు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. అన్యాయంగా పోయిన ప్రాణాలను మరువకుండా ఉండడానికి అక్కడ జనం కూడుతున్నారు. ప్రాణం తీయడానికి కూడే జనం కూడా ఉంటుంది. ఈ వారం మేము మాట్లాడదలచింది ఆ రెండవ రకం సమూహాన్ని గురించి.

ఆ సమూహం ఎక్కడో లేదు. చేతబడి చేశారనీ, బాణామతి చేశారనీ అనుమానించి ఒక మనిషిని ఊరంతా చేరి కొట్టడం, మంత్రం నోట పలకకుండా పళ్ళు ఊడగొట్టడం, సజీవంగా తగులబెట్టడం తెలంగాణ పల్లెల్లో మళ్ళీ మళ్ళీ జరిగిన నేరాలు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు ఫోన్లలో పాకినప్పుడు హైదరాబాదులోని చాంద్రాయణగుట్టలో, మన మసీదుల నీడలోనే, ఒక నిరపరాధి ప్రాణం గుంపు చేతుల్లో పోయింది. ఇటువంటి సంఘటనల తరువాత పోలీసులు వచ్చి ఎవరు కొట్టారని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: అందరూ కొట్టారు. అంటే ఎవరూ కొట్టలేదని అర్థం.

ఈ జవాబు చాలా పాతది. పూర్వకాలపు సమాజాలు ఒకరిని చంపవలసి వచ్చినప్పుడు తలారి చేతికి అప్పగించక, అందరూ కలిసి రాళ్ళు రువ్వే పద్ధతిని ఎందుకు ఎంచుకున్నాయి? క్రూరత్వమే కారణమని తేల్చేస్తే విషయం మరుగున పడుతుంది. అక్కడ ఒక లెక్క ఉంది.

రాజు, ఖాజీ, చెరసాల లేని తెగల లోకంలో మనిషికి రక్షణ అతని వంశమే. ఒకడు మరొకణ్ణి చంపితే చచ్చినవాని బంధువులు చంపినవాని వంశంపై పగ తీర్చుకుంటారు. ఆ పగ తరాలు నడుస్తుంది. అందుచేత శిక్ష న్యాయమైనదే అయినా దానిని అమలు చేసే చేయి ఎవరిదన్నది ప్రాణాంతకమైన ప్రశ్న. రాళ్ళు ఆ ప్రశ్నను చెరిపివేస్తాయి. ఏ రాయి ప్రాణం తీసిందో ఎవరికీ తెలియదు. బంధువులు ఊరందరిపైనా కత్తి దూయలేరు. పైగా రాయి దూరం నుంచి పడుతుంది, నెత్తురు చేతికంటదు. ఒకని పాపం వల్ల వానలు కురవవనీ, రోగాలు వస్తాయనీ నమ్మే చోట, ఆ పాపిని వెలివేసే పనిలో ప్రతివాడూ చేయి వేయాలన్న భయం కూడా ఇందులో కలిసింది. రోము సైన్యంలో కావలి కాస్తూ నిద్రపోయిన సైనికుణ్ణి అతని తోటి సైనికులే కర్రలతో, రాళ్ళతో కొట్టి చంపేవారు. అతని నిద్ర వల్ల ప్రమాదంలో పడింది వారందరి ప్రాణాలూ గనుక.

ఈ లెక్కకు దివ్య ఖుర్ఆన్‌లోనే సాక్ష్యం ఉంది. హజ్రత్ షుఐబ్ (అలై) జాతివారు ఆయనతో, నీ వంశమే లేకపోతే నిన్ను రాళ్ళతో కొట్టి చంపేవారమని అన్నట్లు సూరా హూద్ 91వ ఆయత్ తెలుపుతోంది. ఆ మాటను నిదానంగా ఆలోచించండి. ఆయన దోషి అవునా కాదా అన్న విచారణ వారికి లేదు. వెనుక బలగం ఉన్నదా లేదా అన్నదే విచారణ. నూహ్ (అలై) కు, ఇబ్రాహీమ్ (అలై) కు, గుహవాసులకు, సూరా యాసీన్‌లోని పట్టణానికి వచ్చిన ప్రవక్తలకు కూడా రాళ్ళ బెదిరింపే ఎదురైంది. మన పల్లెల్లో చేతబడి నింద తరచుగా ఎవరి మీద పడుతోంది? ఒంటరి వృద్ధురాలి మీద, విధవరాలి మీద, ఊరికి బయట బతికేవాని మీద. షుఐబ్ జాతివారి లెక్క ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంతకంటే తేటగా ఆ లెక్కను విప్పిన సంఘటన మన ప్రవక్త (స) జీవితంలోనే ఉంది. క్రీ.శ. 622లో, హిజ్రత్‌కు ముందు, ఖురైష్ పెద్దలు దారున్నద్వాలో సమావేశమయ్యారు. బంధించాలని ఒకరు, బహిష్కరించాలని మరొకరు అన్నారు. అబూజహల్ మరో ఉపాయం చెప్పాడు: ప్రతి తెగ నుంచి ఒక బలమైన యువకుణ్ణి తీసుకుని, ఒక్కొక్కరికి పదునైన కత్తి ఇచ్చి, అందరూ ఒకే దెబ్బగా కొట్టాలి. అప్పుడు ఆ రక్తం తెగలన్నింటిమధ్యా చీలిపోతుంది. బనూ అబ్ద్ మనాఫ్ అందరితోనూ పోరాడలేక రక్తపరిహారంతో సరిపెట్టుకుంటారు. సభ దీనినే ఆమోదించింది. ఈ కుట్రను అల్లాహ్ సూరా అన్ఫాల్ 30వ ఆయత్‌లో ప్రస్తావించాడు. ఆ రాత్రి ప్రవక్త (స) పడకపై హజ్రత్ అలీ (రజి) పడుకున్నారు. కత్తులు పట్టుకుని ఇంటిని చుట్టుముట్టిన ఆ యువకులలో ప్రతివాడూ, తాను ఒక్కడు కాదు గనుక తాను హంతకుణ్ణి కానని నమ్మినవాడే.

ప్రభుత్వాలు బహిరంగంగా చంపడం వేరే సంగతి. 1859లో తుర్రేబాజ్ ఖాన్‌ను తూప్రాన్ సమీపంలో హతమార్చి, ఆయన శవాన్ని హైదరాబాదుకు తెచ్చి అందరూ చూసేలా వేలాడదీశారు. అక్కడ జనం చేయి వేయనక్కరలేదు, చూసి భయపడితే చాలు. ఊరు చంపే చోట మాత్రం చూసేవారు ఉండకూడదు. చూసేవాడు సాక్షి అవుతాడు. అందుకే అతని చేతికీ ఒక రాయి ఇస్తారు.

ఇస్లాం ధర్మశాస్త్రంలోనూ రజ్మ్ ఉంది కదా అని కొందరు అడగవచ్చు. ఉంది, దాచవలసిన పని లేదు. అయితే అది గుంపు చేతిలో పెట్టిన అధికారం కాదు. హద్‌ల అమలు పాలకునికి, న్యాయపీఠానికి చెందిన పని, వ్యక్తులకూ ఊళ్ళకూ కాదు. వ్యభిచారపు నింద మోపినవాడు నలుగురు సాక్షులను తేలేకపోతే, సూరా నూర్ 4వ ఆయత్ ప్రకారం ఆ నింద వేసినవానికే ఎనభై కొరడా దెబ్బలు. మాఇజ్ (రజి) స్వయంగా వచ్చి నేరం ఒప్పుకుంటున్నా ప్రవక్త (స) పలుమార్లు ముఖం తిప్పుకున్నారు. శిక్ష వేళ ఆయన పారిపోబోతే జనం వెంటాడి చంపారని విని, ఎందుకు వదిలివేయలేదని అడిగారు. సాక్ష్యంపై రుజువైన కేసులో మొదటి రాయి సాక్షులే వేయాలని హనఫీ ఫిఖ్హ్ చెబుతోంది. వారు వెనుకంజ వేస్తే శిక్షే రద్దవుతుంది. తౌరాత్‌లోనూ సాక్షుల చేయే ముందు లేవాలన్న నియమం ఉంది. పాత పద్ధతి చేతుల గుర్తు చెరిపివేస్తే, ఈ నియమం మొదటి చేతిని పేరుతో సహా ముందు నిలబెట్టింది.

అబూజహల్ లెక్కకు పూర్తి జవాబు హజ్రత్ ఉమర్ (రజి) ఖిలాఫత్‌లో వచ్చింది. యమన్‌లోని సనాలో కొందరు కలిసి ఒక బాలుణ్ణి చంపారు. ఒక ప్రాణానికి పలువురి ప్రాణం తీయవచ్చునా అన్న సందేహం కలిగింది. హంతకులందరిపైనా ఖిసాస్ విధించి, సనా వాసులంతా ఆ హత్యలో పాల్గొని ఉంటే వారందరికీ అదే తీర్పు ఇచ్చేవాణ్ణని ఖలీఫా అన్నారు. ఆ తీర్పుతో రక్తం పంచుకుంటే పలచబడుతుందన్న వాదం అక్కడితో ఆగిపోయింది. మన దేశ చట్టమూ నేడు ఇదే దారి పట్టింది. 2018 జూలై 17న సుప్రీంకోర్టు గుంపు హత్యలపై ప్రభుత్వాలకు ఆదేశాలిచ్చింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 103(2) ప్రకారం, కులం, వ్యక్తిగత విశ్వాసం, భాష, పుట్టిన చోటు వంటి కారణాలతో ఐదుగురు గానీ అంతకు మించి గానీ కలిసి చంపితే, ఆ ఐదుగురిలో ప్రతి ఒక్కరికీ మరణశిక్షో యావజ్జీవమో పడుతుంది.

సోదరులారా! గుంపు చేతుల్లో మన బిడ్డలు చచ్చినప్పుడు మనం న్యాయం కోరుతాము. కోరవలసిందే. కాని మన ఇళ్ళలో జ్వరం తగ్గకపోతే తాయెత్తు కట్టేవాని దగ్గరకు పోవడం, ‘ఇది పక్కింటివారి పని’ అని అతడు చెప్పిన మాట నమ్మడం లేదా? నింద ముందుగా పుట్టేది అక్కడే. సిహ్ర్ ఉందని ఖుర్ఆన్ చెప్పింది నిజమే. ప్రవక్త (స) పైనే లబీద్ బిన్ ఆసమ్ చేతబడి చేశాడు. అది బావిలో ఉందని అల్లాహ్ తెలిపాడు. అయినా ఆయన మనుషులను కూడగట్టలేదు, లబీద్ ఇంటిపైకి ఎవరినీ పంపలేదు. అల్లాహ్ తనకు స్వస్థత ఇచ్చాడనీ, ప్రజల్లో కీడు రేపడం తనకు ఇష్టం లేదనీ చెప్పి, ఆ బావిని పూడ్పించారు. నేరస్థుడు ఎవరో దైవవాణి ద్వారా తెలిసిన చోట కూడా గుంపు లేవలేదు.

ఇక మన ఊళ్ళో అటువంటిది జరిగి, పోలీసులు వచ్చి మసీదు ముందు నిలబడి అడిగిన రోజున, ‘మేము చూడలేదు’ అన్న మాటకు ధర్మంలో చోటు లేదు. సాక్ష్యాన్ని దాచేవాని హృదయం పాపిష్ఠిదని సూరా బఖరా 283వ ఆయత్ అంటోంది. మీకు మీరే, తల్లిదండ్రులే, దగ్గరి బంధువులే నష్టపోయినా న్యాయం కోసం సాక్ష్యం చెప్పండని సూరా నిసా 135వ ఆయత్ ఆజ్ఞాపిస్తోంది. చూసినవాడు రాయి పట్టినవాని పేరు చెప్పాలి. తానే పట్టి ఉంటే తన పేరూ చెప్పాలి.