మంచు దాచిన మహమ్మారి

తిరుమలగిరి వంటి మెట్టసీమలలో పెరిగినవారికి మంచుగడ్డ వేసవిలో దాహము తీర్చు వస్తువు. వేలయేండ్లుగా కరుగని నేల కలదన్న వింతగా తోచును. ఉత్తర ధ్రువప్రాంతమున అట్టి నేల కలదు; అందు రోగముల చరిత్రయు నిక్షిప్తమై యున్నది.

1918లో ఇన్‌ఫ్లుయెంజా లోకమును చుట్టుముట్టెను. భారతదేశమున కోటిమందికి పైగా బలియైరి. వారి శరీరములు చితులలో దగ్ధమైనవి, లేదా వేడినేలలో కలిసిపోయినవి. ఆ నవంబరులోనే అలాస్కాలోని బ్రెవిగ్ మిషన్ అను పల్లెలో సుమారు 80 మందిలో 72 మంది మరణించిరి. వారిని గడ్డకట్టిన నేలలో పూడ్చిరి.

1951లో యోహాన్ హుల్టిన్ ఆ సమాధిని త్రవ్వి ఊపిరితిత్తుల ముక్కలు తెచ్చెను. వాటినుండి వైరసును బ్రతికింపజూచెను గాని అది బ్రతుకలేదు. 1997లో, తన 72వ యేట, మరల వెళ్లి తెచ్చిన ముక్కలు జెఫ్రీ టాబెన్‌బర్గర్ బృందమునకు ఆ వైరసు జన్యులిపిని చదువుటకు తోడ్పడెను. 2005లో అది ప్రయోగశాలలో పునర్నిర్మింపబడెను.

ఇదెట్లు సాధ్యము? వైరసునకు ఆకలి లేదు, శ్వాస లేదు. జీవకణము వెలుపల అది కదలని లిపి మాత్రమే. చలి రసాయనచర్యలను మందగింపజేయును. చీకటి ఎండ నుండి కాపాడును.

అయినను లిపి మిగులుట వేరు, సోకుశక్తి మిగులుట వేరు. ఆ శక్తియు అరుదుగా మిగులును: సైబీరియా నేలనుండి 30,000 యేండ్లనాటి పితోవైరసు మేల్కొని అమీబాలకు సోకినట్లు 2014లో ప్రకటింపబడెను. అది మానవులకు సోకునది కాదు. లోకము వేడెక్కి ఆ నేల కరగుచున్న యీ దినములలో, భయపడుట కంటె ఆ లిపిని ముందుగా చదివి యుంచుకొనుట మేలు.