వినైల్ ఫ్లోరింగ్‌పై బకెట్‌తో నీళ్లు పోసి కడుగుతున్నారా? ‘వాటర్‌ప్రూఫ్’ మాట వెనక అసలు సంగతి ఇదీ..

పండగ వస్తోందంటే మన ఇళ్లలో ముందు మొదలయ్యేది ఇల్లు కడగడం. రెండు బకెట్ల నీళ్లు, కాస్త ఫినాయిల్, కొబ్బరి చీపురు.. తాండూరు బండలైనా, మొజాయిక్ అయినా, టైల్స్ అయినా ఇలాగే తళతళలాడించేస్తాం. అయితే ఇప్పుడు చాలామంది పాత గచ్చు మీద చెక్కలా కనిపించే వినైల్ ఫ్లోరింగ్ వేయించుకుంటున్నారు. పాత ఫ్లోర్ పగలగొట్టక్కర్లేదు, పని త్వరగా అయిపోతుంది, చూడ్డానికి బాగుంటుంది. చిక్కల్లా ఒక్కటే.. బండలకు అలవాటైన చేతులతోనే దీన్నీ కడిగేస్తున్నాం.

“షాపులో వాటర్‌ప్రూఫ్ అనే చెప్పారు కదా?” అంటారా. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. వినైల్ అంటే పీవీసీ. మన నీళ్ల పైపులు చేసేదీ దాంతోనే. నీళ్లు దాన్నేమీ చేయవు. కానీ గదంతా ఒకే ముక్క వేయరు కదా! పలకకీ పలకకీ మధ్య సందు ఉంటుంది. గోడ అంచుల్లో, గుమ్మం దగ్గర ఖాళీ ఉంటుంది. బకెట్ నీళ్లు పోస్తే ఆ సందుల్లోంచే కిందికి దిగుతాయి. పైన ప్లాస్టిక్ మూత పెట్టినట్టే కాబట్టి ఆ తడి ఆరిపోయే దారి ఉండదు. గమ్ పట్టు వదిలేస్తుంది, మూలలు పైకి లేస్తాయి, కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. స్టిక్కర్‌లా అంటించే రకానికి ఈ ముప్పు మరీ ఎక్కువ. గమ్ లేకుండా ఒకదాంట్లో ఒకటి బిగించే క్లిక్ రకం ఊడిపోదు గానీ, కింద చేరిన తడి మాత్రం అక్కడే ఉండిపోతుంది.

కడగొద్దు.. తుడవండి

ముందు మెత్తటి చీపురుతో ఊడ్చి ఇసుక, దుమ్ము తీసేయాలి. ఇది దాటేసి నేరుగా మాప్ పెడితే ఆ ఇసుకే గరుకు కాగితంలా పనిచేస్తుంది. మనకు పైన కనిపించే చెక్క డిజైన్ నిజానికి ఒక ప్రింట్. దాన్ని కాపాడేది మీదున్న పారదర్శకమైన పొర. ఇళ్లలో వాడే రకాల్లో అది సాధారణంగా అర మిల్లీమీటర్ లోపే ఉంటుంది. అది అరిగిపోతే మార్బుల్‌లా మళ్లీ పాలిష్ పట్టించుకునే వీలు లేదు. పలక మార్చాల్సిందే.

తర్వాత అర బకెట్ గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కొన్ని చుక్కలు వేసి, మాప్‌ను గట్టిగా పిండి తుడిస్తే చాలు. ఎత్తి పట్టుకుంటే చుక్క కారకూడదు. చివర్లో మంచినీళ్లతో ఒకసారి తుడవాలి, లేదంటే సబ్బు జిడ్డు మీద దుమ్ము పట్టి ఫ్లోర్ మసకబారుతుంది. ఇంట్లో పనమ్మాయి ఉంటే ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. పాపం, బాగా చేయాలని ఆమె ఇంకో బకెట్ ఎక్కువే పోస్తుంది!

నల్ల ఫినాయిల్, బాత్రూమ్ యాసిడ్, థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ దీని దరిదాపుల్లోకి రానివ్వొద్దు. స్టీమ్ మాప్ కూడా వద్దు. ఇక బ్లీచింగ్, యాసిడ్ కలిపి వాడటం ఏ ఫ్లోర్‌కైనా ప్రమాదమే.. విషపూరితమైన క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

డోర్ మ్యాట్‌తోనే మచ్చలు!

చాలామందికి తెలియని విషయం ఇది. కింద రబ్బరు ఉన్న మ్యాట్‌ను వినైల్ మీద నెలల తరబడి ఉంచితే పసుపుపచ్చగానో, గోధుమ రంగులోనో మచ్చ పడుతుంది. రబ్బరులో కలిపే రసాయనాలు మెల్లగా వినైల్‌లోకి ఇంకడమే దీనికి కారణం. అది పైపైన మురికి కాదు, ఎంత రుద్దినా పోదు. లోపల నూలు మ్యాట్ వేసుకోండి (జారకుండా చూసుకోవాలి, ముఖ్యంగా పెద్దవాళ్లున్న ఇంట్లో). కొబ్బరి పీచు మ్యాట్‌ను గుమ్మం బయటే ఉంచండి. కుర్చీ, మంచం కోళ్లకు రబ్బరు బూట్ల బదులు ఫెల్ట్ ప్యాడ్లు అంటిస్తే మేలు.

గడపకు పసుపు రాసేటప్పుడు చుక్కలు ఫ్లోర్ మీద పడటం మామూలే. వెంటనే తుడిచేయాలి. సబ్బు తగలగానే అది ఎర్రబడితే కంగారు పడొద్దు, పసుపు గుణమే అంత. మరక మిగిలిపోతే దూది మీద కాస్త శానిటైజర్ వేసి అద్ది చూడండి, ముందుగా కనిపించని మూలలో పరీక్షించాకే. దీపం, అగరబత్తి, హారతి కింద పళ్లెం తప్పనిసరి. వేడి కుక్కర్ కూడా నేల మీద దించొద్దు. కుక్కర్ లోపల వేడి సుమారు 120 డిగ్రీల దాకా ఉంటుంది, అంతకంటే చాలా ముందే పీవీసీ మెత్తబడుతుంది. గుండ్రటి మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది.

నిండు గ్యాస్ సిలిండర్ బరువు సుమారు 30 కిలోలు. దాన్ని ఈడిస్తే వినైల్ మీద గీత కాదు, చీలికే పడుతుంది. ట్రాలీ అయినా వాడండి, లేదా ఇద్దరు పట్టుకుని ఎత్తండి. ఫ్రిజ్ జరపాలన్నా కింద అట్టో, పాత దుప్పటో వేయాల్సిందే.

వేయించే ముందు చూసుకోండి

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలో అసలు సమస్య పైనుంచి కాదు, కిందినుంచి వస్తుంది. వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లే ఇల్లయితే ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ షీట్‌ను నేల మీద పరిచి, నాలుగు అంచులూ టేప్‌తో అంటించి కనీసం 16 గంటలు వదిలేయండి. తీసి చూసినప్పుడు లోపల నీటి బిందువులు కనిపించినా, గచ్చు రంగు ముదిరినా ఆ చెమ్మ సంగతి తేలేదాకా వినైల్ జోలికి వెళ్లకపోవడమే మంచిది.

అద్దె ఇంట్లో ఉంటే ఓనర్‌తో ముందే మాట్లాడుకోండి. స్టిక్కర్ రకం పీకేటప్పుడు గమ్ కింద మార్బుల్‌కో, టైల్స్‌కో అంటుకుని ఉండిపోతుంది. దాన్ని గీకించే ఖర్చు అడ్వాన్స్‌లో కోసేస్తే గొడవే. పని పూర్తయ్యాక మిగిలిన నాలుగైదు పలకలను పారేయకుండా మంచం కింద పడుకోబెట్టి దాచండి. రెండేళ్ల తర్వాత ఒక్క పలక పాడైతే అదే డిజైన్ షాపులో దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.