కట్ట యెత్తు కొలిచిన యింజనీరు

హాలండు దేశమున దాదాపు నాలుగవ వంతు నేల సముద్రమట్టమునకు దిగువన నున్నది. అచ్చటి రైతునకు కట్టయే ప్రాణము. ఆ దేశమున, గ్రోనింగెన్ మండలమందలి కర్షక కుటుంబమున 1893లో జొహాన్ వాన్ వేన్ జన్మించెను. డెల్ఫ్టులో ఇంజనీరు విద్య నేర్చి, 1929లో ప్రభుత్వ జలశాఖయందు చేరి, నదీముఖములలో ఆటుపోటులను కొలువసాగెను.

పెనుతుపానున వచ్చు నుప్పెనకు నైరుతి ప్రాంతపు కట్టల యెత్తు చాలదని ఆ కొలతల వలన తేలెను. 1939లో ఏర్పడిన ఉప్పెన సంఘమునకు కార్యదర్శియై ఆ మాటనే పలుమారులు చెప్పెను. ఇంతలో యుద్ధము వచ్చెను. పిమ్మట ధనము ఇతర పనులకు పోయెను. కట్టలు తగినంత పెరుగలేదు.

1953 జనవరి 31 రాత్రి ఉప్పెన పొంగి కట్టలకు గండ్లు పడెను. 1,836 మంది మరణించిరి. వేలకొలది పశువులు చచ్చెను. పొలములు ఉప్పునీట మునిగెను.

ఫిబ్రవరిలోనే ప్రభుత్వము డెల్టా సంఘమును నియమించి, వాన్ వేనునే కార్యదర్శిని చేసెను. నదీముఖములను మూసి తీరరేఖను కురుచ చేయవలయునని ఆయన ముందే గీచియుంచిన పథకము 1958లో శాసనమయ్యెను. మరుసటి యేట ఆయన గతించెను. పనులు 1997 వరకు సాగెను.

సోదర కర్షకులారా! గండి పడిన పిమ్మట కట్టకు వెచ్చించుట కెల్లరును ఒప్పుదురు. పడకమున్ను కొలిచి చెప్పువాని మాట వినుటయే కష్టము. కావున వేసవిలోనే మీ కట్టల వెంట నడచి, కుంగిన చోట్లను కొలిచి, సంఘ సమావేశమున తెలుపుడని మేము కోరుచున్నాము.