విషమును వైరసును

2020వ సంవత్సరమున కరోనా వ్యాపించినది మొదలు 'వైరసు' అను మాట వినని పల్లె లేదు. ఈ మాట యెక్కడిది?

ఇది లాటిను మాట. ఆ భాషలో దీనిని 'వీరుస్' అని పలుకుదురు. రోమనులు పాము విషమునకును, జిగురైన ద్రవమునకును, దుర్గంధమునకును గూడ దీనినే వాడుచుండిరి. మనము సంస్కృతమునుండి గైకొనిన 'విషము' దీనికి తోబుట్టువు. సంస్కృతమును లాటినును ఒక్క మూలభాషనుండి పుట్టినవే. లాటినులో రెండచ్చుల నడుమనున్న సకారము కాలక్రమమున రకారమయ్యెను. ఆ రకారమును మరల సకారముగా మార్చి చూచినచో పోలిక మీకే తోచును.

సుమారు 2000 సంవత్సరములకు పూర్వము సెల్సస్ అను రోమను గ్రంథకర్త, వెఱ్ఱికుక్క కఱచినచో గాయముపై గిన్నె బోర్లించి 'వీరుస్'ను లాగివేయవలెనని వ్రాసెను. ఆయన తలచినది విషమునే. చిత్రమేమనగా, ఆ వ్యాధికి కారణము నేటి యర్థమునను వైరసే!

ఆ నేటి యర్థము పొగాకు తెగులువలన గలిగినది. ఆకులపై లేత పసుపు మచ్చలు వేయు తెగులది. 1892లో రష్యా దేశస్థుడగు ఇవనోవ్‌స్కీ, తెగులాకుల రసమును బాక్టీరియా సయితము దూరలేని పింగాణి వడపోతలో వడకట్టెను. అయినను ఆ రసము మంచి మొక్కకు తెగులంటించెను. 1898లో హాలెండునందు బైయరింక్ మఱియొక ప్రశ్న వేసికొనెను: ఇది విషమే యైనచో, మొక్కనుండి మొక్కకు మార్చినకొలది పలుచనై శక్తి తగ్గవలదా? తగ్గలేదు. చుక్క మజ్జిగ కడవెడు పాలను తోడువేసినట్లు, అది ప్రతి మొక్కలోను మరల పెరుగుచుండెను. అయితే తోడు పాలలో పెరుగును. ఇది సజీవమైన మొక్కలోనే పెరుగును. ఆయన దానిని ద్రవమనుకొనుట పొరపాటే. 1939లో ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో చూడగా అవి సన్నని కడ్డీలవలె గనబడెను. ఏమైనను, పాత పేరే నిలిచినది.

పేరు విషమైనను వస్తువు విషము కాదు. విషము ఎక్కినంతయే, వైరసు ఎక్కినపిదప పెరుగును. ఇది పండితుల మాటల తగవని తలపకుడు. కుక్క కఱచినప్పుడు మంత్రముతో విషము దిగినదనియు, పుండు మానినదనియు ఊరకుండువారు నేటికిని గలరు. పుండు మానినను వైరసు నరములవెంట మెదడువైపు సాగుచునే యుండును. నీటిని జూచి భయపడు దశ వచ్చినపిదప బ్రతుకుట మిక్కిలి అరుదు. కఱచినవెంటనే గాయమును సబ్బుతోను పారునీటితోను 15 నిమిషములు కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోవలెను. వైరసు మెదడు చేరుటకు సామాన్యముగా కొన్ని వారములు పట్టును. ఆ వ్యవధిలోనే దేహము తన రక్షణను సిద్ధపఱచుకొనునట్లు టీకా చేయును. గాయమున కారము, సున్నము, పసరు పెట్టరాదు.